మంచిచెడుల పద్దు రాయడం ఎలా: యువాన్ లియావ్‌ఫాన్ చూపిన దారి

జాతకంలో చెప్పినవి ఒకటి తర్వాత ఒకటి నిజమైపోతూ ఉంటే మనిషి ఏం చేస్తాడు? ఇక నేను చేసేదేముంది అని చేతులు ముడుచుకుంటాడు. చైనాలో మింగ్ రాజుల కాలంలో పుట్టిన యువాన్ హువాంగ్ (1533-1606) అచ్చం అదే చేశాడు. తర్వాతి రోజుల్లో ఆయన పెట్టుకున్న లియావ్‌ఫాన్ అనే పేరుతోనే ఎక్కువమందికి తెలుసు.

చిన్నతనంలోనే తండ్రి పోయాడు. సర్కారు కొలువు పరీక్షల చదువు మానేసి వైద్యం నేర్చుకోమంది తల్లి. ఆ రోజుల్లోనే ఒక గుడిలో కోంగ్ అనే ముసలాయన కలిసి లెక్కలు కట్టాడు. నీకు సర్కారు కొలువు రాసిపెట్టి ఉంది, చదువు మానకు అన్నాడు. ఊరి స్థాయి పరీక్షలో 14వ స్థానం, దాని పైదాంట్లో 71, ఆ పైదాంట్లో 9 వస్తాయని ముందే చెప్పాడు. మరుసటి ఏడు మూడూ అలాగే వచ్చాయి. విద్యార్థిగా సర్కారు నుంచి మొత్తం ఎంత బియ్యం తింటాడో కూడా కొలతతో సహా చెబితే, మధ్యలో ఎన్ని మలుపులు తిరిగినా చివరికి ఆ కొలత దగ్గరే లెక్క తేలింది. ఇంకో మాట కూడా చెప్పాడు కోంగ్: 53వ ఏట, ఎనిమిదో నెల 14న, నీ మంచం మీదే పోతావు, కొడుకులు ఉండరు.

దాంతో లియావ్‌ఫాన్‌కి ఏ ఆశా లేకుండా పోయింది. 1569లో నాన్‌జింగ్ దగ్గర చీషియా కొండ మీద యున్‌గు అనే ధ్యాన గురువు ఎదురుగా మూడు పగళ్లూ మూడు రాత్రులూ కన్ను వాల్చకుండా కూర్చున్నాడు. ఒక్క ఆలోచన కూడా రాకుండా ఎలా కూర్చోగలిగావని గురువు ఆశ్చర్యపోతే, అంతా ముందే రాసి ఉంది కదా, ఆలోచించడానికేముంది అన్నాడు. గురువు నవ్వేశాడు. నువ్వేదో గొప్పవాడివనుకున్నాను, మామూలు మనిషివేనా అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఒకడు కట్టిన లెక్కలో వెంట్రుకవాసి కూడా కదలకుండా పడి ఉన్నావన్నాడు. తన రాతను తానే రాసుకోవాలని, అదృష్టాన్ని తనలోనే వెతుక్కోవాలని చెప్పి, చేతిలో ఒక పద్దుల పుస్తకం పెట్టాడు. చేసిన మంచి ఒకవైపు, చేసిన చెడు ఒకవైపు.

చిత్రగుప్తుడు మన చిట్టా రాస్తున్నాడని వింటూ పెరిగినవాళ్లం మనం. యున్‌గు చెప్పిన తేడా ఒక్కటే, ఆ చిట్టా బతికుండగానే, రోజూ, మన చేత్తో మనమే రాసుకోవాలి. 69వ ఏట లియావ్‌ఫాన్ ఇదంతా కొడుకు కోసం రాసిపెట్టాడు. 53 దాటి పదహారేళ్లయింది, పక్కన కొడుకున్నాడు. కోంగ్ లెక్క తప్పింది పద్దు వల్లేనా అంటే, అది ఆ తండ్రి నమ్మకం. నాకు విలువైనదిగా తోచేది వేరే. తలరాత అనుకుని కూలబడ్డ మనిషి లేచి పని మొదలుపెట్టిన క్రమం అందులో స్పష్టంగా ఉంది. ఆ క్రమాన్ని ఈరోజు మీరు మీ ఇంట్లో ఎలా మొదలుపెట్టొచ్చో ఇక్కడ చెబుతున్నాను. చాలామంది ముందు మంచి పనుల వైపు గీత గీసుకుని లెక్కపెట్టడం మొదలెడతారు. యున్‌గు అక్కడ మొదలుపెట్టించలేదు.

ముందు ఒక కాగితం: నాకెందుకు రావాలి?

యున్‌గు మొదట అడిగింది ఇదే. పరీక్ష గెలవడానికి నీకు తగునా? కొడుకు పుట్టడానికి తగునా? లియావ్‌ఫాన్ చాలాసేపు ఆలోచించి తగదు అన్నాడు. ఎందుకు తగదో చెప్పాడు. ఓపిక లేదు, మనసు ఇరుకు, ఎదుటివాడి తప్పు ఓర్చుకోలేను. తెలివితేటలు చూపించి పక్కవాణ్ని తొక్కేస్తాను. కోపం ఎక్కువ. శుభ్రత పిచ్చి ఎక్కువ. పేరు పోతుందని భయపడి, నాకు నష్టమైనా సరే ఇంకొకరికి సాయపడదామన్న తెగువ రాదు. అతిగా మాట్లాడతాను, తాగుతాను, రాత్రంతా మేలుకుని కూర్చుంటాను.

మీరూ ఒక తెల్ల కాగితం తీసుకోండి. పైన మీకు కావలసింది ఒక్క వాక్యంలో రాయండి. ఉద్యోగంలో పైమెట్టు కావచ్చు, అప్పులు తీరడం కావచ్చు, అన్నదమ్ముల మధ్య మాటలు కలవడం కావచ్చు. దాని కింద, అది రాకుండా నాలో అడ్డుపడుతున్నవేమిటో రాయండి. ఇక్కడ రెండు నియమాలు పాటించాలి.

మొదటిది, ఈ కాగితం మీద ఇంకొకరి పేరు ఉండకూడదు. మేనేజరుకు నేనంటే పడదు, టైము బాగోలేదు, మా వాళ్లు సహకరించరు, ఇవేవీ పనికిరావు. అవి నిజాలే అయినా మీ పద్దులోకి రావు.

రెండోది, గుణం పేరు రాసి ఊరుకోవద్దు, చేసిన పని రాయండి. "కోపం ఎక్కువ" అని రాస్తే దానితో ఏం చెయ్యాలో తెలియదు. "అమ్మ ఫోన్ చేస్తే మాట పూర్తి కాకుండానే విసుక్కుంటాను" అని రాస్తే, రేపు పొద్దున ఫోన్ మోగినప్పుడు ఏం మార్చుకోవాలో తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. లియావ్‌ఫాన్ తనకు పిల్లలు లేకపోవడానికి కూడా కారణాలు తన నడవడిలోనే వెతికాడు, అది ఆ కాలం ఆలోచన. సంతానం లేని దంపతుల మీద, జబ్బుపడ్డవాళ్ల మీద, ఉద్యోగం పోయినవాళ్ల మీద ఈ తర్కాన్ని తిప్పకండి. ఈ కాగితం మీ గురించి మీరు రాసుకోవడానికి తప్ప, పక్కవాళ్ల కష్టానికి కారణాలు కట్టడానికి కాదు. మీ జబ్బును కూడా ఇందులో తప్పుగా రాసుకోవద్దు. అది డాక్టరు చూడాల్సిన విషయం.

తర్వాత మొక్కు, దానికి ఒక సంఖ్య

లియావ్‌ఫాన్ తన తప్పులన్నీ బుద్ధుడి ముందు చెప్పుకుని, పరీక్ష గెలవాలని కోరి, 3000 మంచి పనులు చేస్తానని మొక్కుకున్నాడు. మరుసటి ఏడాదే రాజధాని అధికారులు పెట్టిన పరీక్షలో కోంగ్ మూడో స్థానం అని చెబితే ఆయనకు మొదటి స్థానం వచ్చింది. కానీ మొక్కు తీరడానికి 1569 నుంచి 1579 దాకా పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్ల మీద కాసేపు ఆగి లెక్క చూడండి. పదేళ్లంటే 3650 రోజులు. 3000 మంచి పనులంటే రోజుకు ఒకటి కూడా మిగల్లేదన్నమాట. ఆయన మంచి చెయ్యక కాదు. చేసిన చెడుకు చేసిన మంచిలోంచి కోత పడుతుంది, అది ఈ పద్దు నియమం. ఒకరికి సాయం చేస్తున్నప్పుడు కూడా మనసులో అనుమానం పీకేదని, చేత్తో మంచి చేస్తూ నోటితో తప్పు మాట అనేవాణ్నని, మెలకువలో నిగ్రహించుకున్నది తాగాక జారిపోయేదని, లాభం నష్టానికే సరిపోయి రోజులు వట్టిగా గడిచేవని ఆయనే రాసుకున్నాడు. 1580లో కొడుకు కోసం మొక్కుకున్న రెండో 3000 మాత్రం 1583కే పూర్తయ్యాయి. మొదటి పదేళ్లలో చేతికి అలవాటు వచ్చింది, పైగా ఇంట్లో భార్య కూడా కలిసింది.

అందుకని మొదటిసారే వేలల్లోకి వెళ్లకండి. 300 పెట్టుకోండి. ఈ సంఖ్యకూ పాత ఆధారం ఉంది. చైనాలోనే పుట్టిన తావో మతానికి చెందిన పన్నెండో శతాబ్దం నాటి ఒక గ్రంథం, స్వర్గంలో అమరుడు కావాలంటే 1300 మంచి పనులు, భూమ్మీద అమరుడు కావాలంటే 300 చెయ్యాలంటుంది. కోత పోగా 300 మిగలడానికి చాలామందికి ఏడాది పైనే పడుతుంది. తొందరపడి నెలలో ముగించేశారంటే చెడు వైపు సరిగ్గా రాయడం లేదని అర్థం.

పుస్తకం ఎలా ఉండాలి

ఇప్పుడు దొరుకుతున్న ఇలాంటి పద్దుల్లో పాతది 1171 నాటిది, తావో మతస్థులది. అందులో మంచికి 36 నియమాలు, చెడుకు 39 ఉన్నాయి. పుస్తకం ఎలా పెట్టుకోవాలో కూడా అందులోనే ఉంది. మంచం తలవైపు కలం, సిరా, పుస్తకం ఉంచుకోవాలి. నెల పేరు రాసి, కింద తేదీ వేసి, తేదీ కింద రెండు వరసలు గీయాలి. పడుకునే ముందు ఆ రోజు చేసిన మంచి ఒక వరసలో, చెడు రెండో వరసలో రాయాలి. నెలకోసారి చిన్న కూడిక, ఏడాదికోసారి పెద్ద కూడిక.

ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఇందులో మార్చాల్సింది నాకేమీ కనిపించలేదు. ఫోన్‌లో రాసుకుంటానంటారేమో, పడుకునే ముందు ఫోన్ తీస్తే చూపు ఎటు పోతుందో మీకే తెలుసు. వంద పేజీల నోటు పుస్తకం చాలు. ఒక్క మాట, ఆ రోజుది ఆ రోజే రాయాలి. ఆదివారం కూర్చుని వారమంతా గుర్తుచేసుకుని రాస్తే మంచి పనులే గుర్తొస్తాయి.

రాయడం రానివాళ్లకూ దారి ఉంది. లియావ్‌ఫాన్ భార్యకు అక్షరాలు రావు. ఆమె పెద్దబాతు ఈక కాడను ఎర్రరంగులో ముంచి, చేసిన ప్రతి మంచి పనికీ క్యాలెండరు మీద ఆ తేదీ దగ్గర ఒక గుండ్రటి ముద్ర వేసేది. పేదవాడికి అన్నం పెడితే ఒక ముద్ర, చంపడానికి తెచ్చిన ప్రాణిని కొని వదిలితే ఒక ముద్ర. కొన్ని రోజుల్లో ఒక్క తేదీ చుట్టూనే పదికి పైగా ఎర్రటి చుక్కలు పడేవట. మన ఇళ్లలో గోడ మీద వేలాడే పెద్దంకెల క్యాలెండరు దీనికి చక్కగా సరిపోతుంది, పాల లెక్క పక్కనే. బామ్మలకు, చిన్నపిల్లలకు నేను చెప్పే పద్ధతి ఇదే.

ఇంకో పాత పద్ధతి గింజలది. సోంగ్ వంశ కాలంలో కొందరు మంచి తలపు వస్తే తెల్ల గింజ, చెడు తలపు వస్తే నల్ల గింజ గిన్నెలో వేసుకునేవారు. రెండు గిన్నెలు, గుప్పెడు తెల్ల బొబ్బర్లు, గుప్పెడు మినుములు ఉంటే ఇంటిల్లిపాదీ మొదలుపెట్టొచ్చు.

ఏ పనికి ఎంత

యున్‌గు ఇచ్చిందని చెప్పే పద్దులో కొన్ని పనులకు వేసిన విలువలు ఇలా ఉన్నాయి. ఒక మనిషిని చావు నుంచి కాపాడితే 100. దిక్కులేనివాణ్ని చేరదీసి పెంచితే 50. చెడుదారిలో ఉన్నవాణ్ని మార్చగలిగితే 30. కోర్టుకెక్కబోయేవాడికి నచ్చచెప్పి ఆపితే 5. మీద పడ్డ నిందకు ఎదురు వాదించకుండా ఓర్చుకుంటే 3, చెవికి చేదుగా ఉన్న మంచిమాటను స్వీకరిస్తే 3. ఒకరి మంచిని మెచ్చుకుంటే 1, ఒకరి తప్పును కప్పిపుచ్చితే 1, ఆకలిగా ఉన్నవాడికి ఒక పూట పెడితే 1, చోటులేనివాడికి ఒక రాత్రి తలదాచుకోనిస్తే 1.

చెడు వైపు కూడా అలాగే. మనిషి ప్రాణం పోవడానికి కారణమైతే 100. కింది మెట్టులో, ఇచ్చిన మాట తప్పితే 1, తిండిగింజలు పారేస్తే 1, చెప్పకుండా ఒకరిది గడ్డిపోచ తీసుకున్నా 1, మనుషులతో గాని పశువులతో గాని అలసట చూడకుండా పని చేయిస్తే 1. అక్షరాలున్న కాగితాన్ని విసిరేసినా 1. కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనకు ఇది కొత్తగా అనిపించదు.

నిందకు ఎదురాడకపోతే మూడు, అన్నం పెడితే ఒకటి అన్న తేడా చూశారా? అన్నం పెట్టడానికి గుప్పెడు బియ్యం చాలు. నిందను మింగడానికి మనలో ఏదో ఒకటి తగ్గాలి. ఈ తూకం సరైనదని నా నమ్మకం. మీరు సొంతంగా విలువలు వేసుకునేటప్పుడు కూడా ఇదే చూసుకోండి, డబ్బు ఖర్చయిన పనికి కాక మనసుకు కష్టమైన పనికి ఎక్కువ వెయ్యండి.

ఒక రోజు పేజీ ఎలా ఉంటుందో చూపిస్తాను.

మంచి: నాలుగో అంతస్తు పిన్నిగారి కూరగాయల సంచి పైదాకా మోశాను, 1. ఆఫీసులో నేను చెయ్యని తప్పు నా మీద వేస్తే, అడిగినదానికి జవాబిచ్చి ఊరుకున్నాను, 3.

చెడు: రాత్రి మిగిలిన అన్నం చెత్తబుట్టలో పోశాను, 1. సాయంత్రం వస్తానని తమ్ముడికి చెప్పి వెళ్లలేదు, ఫోన్ కూడా చెయ్యలేదు, 1. పనిమనిషికి జ్వరమని తెలిసీ గిన్నెలన్నీ తోమించాను, 1.

మిగులు: 1.

వాక్యాలు పొట్టిగా ఉండాలి, సంజాయిషీ ఉండకూడదు. "ట్రాఫిక్ ఎక్కువ ఉండటం వల్ల తమ్ముడి దగ్గరికి వెళ్లలేకపోయాను" అని రాశారంటే మీ ముందు మీరే వాదించుకుంటున్నారన్నమాట.

ఒకరి తప్పును కప్పడం మంచిలోకి ఎలా వస్తుందని అడుగుతారు. దీనికి లియావ్‌ఫాన్ షున్ చక్రవర్తి కథ చెప్పాడు. ఒక చెరువు దగ్గర బలమున్న కుర్రాళ్లు చేపలు ఎక్కువుండే లోతు చోట్లు ఆక్రమించుకుని, ముసలివాళ్లను పారే నీళ్లలోకి నెట్టేవారు. షున్ తానూ వెళ్లి చేపలు పట్టాడు. తగువులాడేవాళ్ల గురించి నోరెత్తలేదు. చోటు వదిలిపెట్టినవాడు కనిపిస్తే మాత్రం మెచ్చుకుని తానూ అలాగే చేశాడు. ఏడాదికల్లా అందరూ లోతు చోట్లు ఒకరికొకరు వదులుకోసాగారు. కప్పడమంటే నేరాన్ని దాచడం కాదు. పిల్లాడికి మార్కులు తక్కువొచ్చాయని బంధువుల ముందు అనకుండా ఉండటం, కొత్తగా చేరినవాడి పొరపాటును మీటింగులో కాకుండా పక్కకు పిలిచి చెప్పడం.

తప్పును మూడు చోట్ల పట్టుకోవచ్చు

నెల తిరిగేసరికి చెడు వైపు కొన్ని తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆ రెండు మూడింటినే పట్టుకోండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

తప్పు దిద్దుకోవడానికి లియావ్‌ఫాన్ మూడు లోతులు చెప్పాడు. పైపైన, పని దగ్గర ఆపడం: నిన్న అరిచాను, ఇవాళ అరవను. ఇది పనిచేస్తుంది గాని వేరు లోపలే ఉంటుంది, ఇంకోచోట మొలకెత్తుతుంది. దానికి లోతున, కారణం దగ్గర ఆపడం. కోపం విషయంలో ఆయన ఇలా ఆలోచించుకున్నాడు: ఎదుటివాడికి తెలియక చేశాడా, జాలిపడాలి. తెలిసీ అన్యాయం చేశాడా, అది వాడి తప్పు, నాకెందుకు అంటుకోవాలి? నా పని జరగలేదంటే నాలో ఇంకా కొరత ఉందన్నమాట. నిందకు కోపం తెచ్చుకుని వాదనకు దిగడం పట్టుపురుగు తన దారంతో తనను తానే చుట్టుకున్నట్టేనన్నాడు. అన్నిటికన్నా లోతున, మనసు దగ్గర ఆపడం. తలపు లేచిన క్షణంలోనే అదిగో లేచింది అని చూడగలగడం. అది మొదట్లో అందదు, అందలేదని దిగులుపడొద్దు. యున్‌గు ఆయనకు చుంది అనే దేవత మంత్రం ఇచ్చింది మనసు నిలవడానికే. ఆ దేవత మన దేశపు బౌద్ధం నుంచే అక్కడికి వెళ్లింది. మీకు అలవాటైన జపం ఏదుంటే అది చేసుకోండి, రాయడానికి కూర్చునే ముందు ఐదు నిమిషాలు చాలు.

రాసే ముందు మంచిని తిరగేసి చూడండి

ఈ పద్ధతంతటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. మంచి అనిపించినదల్లా మంచి కాదని, దాన్ని ఎనిమిది వైపుల నుంచి తిప్పి చూడాలని లియావ్‌ఫాన్ అంటాడు. నిజమైనదా పైపైదా, కనిపించేదా కనిపించనిదా, నిండైనదా సగమా, ఇలా. ఎనిమిదీ గుర్తుపెట్టుకోవక్కర్లేదు. మూడు కథలు గుర్తుంటే చాలు.

మొదటిది జీగోంగ్ కథ. లూ రాజ్యంలో ఒక చట్టం ఉండేది. పక్క రాజ్యాల్లో దాస్యంలో ఉన్న తమ ప్రజలను ఎవరైనా డబ్బిచ్చి విడిపిస్తే సర్కారు సొమ్ము ఇస్తుంది. కన్ఫ్యూషియస్ శిష్యుడు జీగోంగ్ ధనవంతుడు. ఒకణ్ని విడిపించి, సర్కారు సొమ్ము నాకొద్దన్నాడు. అందరూ ఆహా అంటారు. కన్ఫ్యూషియస్ మాత్రం తప్పు చేశావన్నాడు. రాజ్యంలో ధనవంతులు కొద్దిమంది, పేదలు ఎక్కువమంది. సొమ్ము తీసుకోవడం సిగ్గు అనే పేరు పడితే ఇక ఎవరు విడిపిస్తారు? ఇంకో శిష్యుడు జీలూ, నీళ్లలో మునిగిపోతున్నవాణ్ని కాపాడితే వాడు ఎద్దునిచ్చాడు, జీలూ తీసుకున్నాడు. కన్ఫ్యూషియస్ సంతోషించాడు. ఇకమీదట మునిగిపోయేవాళ్లను కాపాడేవాళ్లు పెరుగుతారన్నాడు. కాబట్టి మొదటి ప్రశ్న: నేను చేసింది చూసి పదిమంది ఇలాగే చేస్తే ఏమవుతుంది? ఓవర్‌టైమ్ డబ్బు వద్దని గొప్పగా అనేసే సీనియరు తర్వాతివాళ్ల నోళ్లు కట్టేస్తున్నాడేమో చూసుకోవాలి.

రెండోది లూ యువాన్ కథ. మంత్రిగా పనిచేసి సొంత ఊరు చేరాడు. ఊళ్లో అందరికీ ఆయనంటే గౌరవం. ఒకడు తాగొచ్చి ఇంటి ముందు నిలబడి బూతులు తిట్టాడు. తాగినవాడితో మనకెందుకు అని తలుపు వేయించి ఊరుకున్నాడు లూ. ఏడాది దాటాక వాడు మరణశిక్ష పడే నేరం చేసి జైలుకెళ్లాడు. లూ బాధపడ్డాడు. ఆ రోజే అధికారికి పట్టించి కాస్త మందలింపు వేయించి ఉంటే వాడు ఇంతదాకా వచ్చేవాడు కాదు, నేను మంచితనం అనుకుని వాడి చెడును పెంచాను అన్నాడు. రెండో ప్రశ్న ఇక్కడుంది: నేను ఓర్చుకున్నది వాడి మేలు కోసమా, నా పేరు కోసమా? మీ మీద పడ్డ నింద ఓర్చుకుంటే 3 అని పైన చెప్పాను. ఇంకొకరికి హాని చేస్తున్నవాణ్ని చూసి ఊరుకుంటే అది చెడు వైపు రాయాలి. ఇంట్లో భార్యను కొడుతున్న తమ్ముడి విషయంలో సర్దుకుపొమ్మని చెప్పిన పెద్దమనిషికి ఈ పద్దులో మంచి పడదు. ఎదుటివాడికి మేలు జరిగేదైతే కొట్టడం తిట్టడం కూడా మంచే, మన కోసం చేసుకునేదైతే వంగి దండం పెట్టడం కూడా మంచి కాదని జోంగ్‌ఫెంగ్ అనే బౌద్ధ సన్యాసి చెప్పిన మాటనూ లియావ్‌ఫాన్ ఇక్కడే గుర్తుచేశాడు.

మూడోది రెండు నాణేల కథ. ఒక పేద పిల్ల గుడికి వెళ్లింది. దగ్గరున్నవి రెండే నాణేలు, రెండూ ఇచ్చేసింది. గుడి పెద్ద తానే వచ్చి ఆమె కోసం ప్రార్థన చేశాడు. తర్వాత ఆమె రాజభవనం చేరి, వేల బంగారు నాణేలతో అదే గుడికి వచ్చింది. ఈసారి గుడి పెద్ద శిష్యుణ్ని పంపాడు. ఎందుకని అడిగితే, అప్పుడు నీ మనసంతా అందులో ఉంది, నేను స్వయంగా రాకపోతే నీ రుణం తీరేది కాదు, ఇప్పుడు ఆ మనసు లేదు, శిష్యుడు చాలన్నాడు.

ఇక కనిపించే మంచి, కనిపించని మంచి. నలుగురికీ తెలిసిన మంచికి లోకంలో పేరు వచ్చేస్తుంది, దాని ఫలితం అక్కడే తీరిపోతుంది, ఎవరికీ తెలియనిదే నిలుస్తుందని లియావ్‌ఫాన్ నమ్మాడు. అన్నదానం ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారా, పద్దులో దాని పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి. నెలాఖరుకు గుర్తులున్నవెన్నో, లేనివెన్నో కూడండి.

మీ కుర్చీలో ఏముందో చూడండి

1583లో లియావ్‌ఫాన్ పై పరీక్ష కోసం 10,000 మొక్కుకున్నాడు. 1586లో గెలిచి, బీజింగ్ దగ్గర బావోదీ అనే చోట అధికారి అయ్యాడు. ఒక ఖాళీ పుస్తకం రోజూ కచేరీ బల్ల మీద పెట్టించుకునేవాడు. ఎంత చిన్న మంచీ చెడూ వదలకుండా రాసి, రాత్రి వాకిట్లో అగరొత్తులు వెలిగించి పైవాడికి చదివి చెప్పుకునేవాడు. కానీ భార్యకు బెంగ పట్టుకుంది. ఇంటి దగ్గరుంటే నేనూ చెయ్యి వేసేదాన్ని, ఈ కచేరీలో చెయ్యడానికేముంది, పదివేలు ఎప్పటికయ్యేను అంది. ఆ రాత్రి కలలో ఒక దేవత కనిపించి, పన్ను తగ్గించావు కదా, ఆ ఒక్కదానితోనే పదివేలూ తీరాయన్నాడట. నిజంగానే అక్కడ ఒక ము (అక్కడి భూమి కొలత) భూమికి 2.37 ఫెన్‌ల (వెండి తూచే చిన్న కొలత) వెండి పన్ను ఉంటే, దాన్ని 1.46కు దించాడాయన. అయినా అనుమానం తీరక ఒక సన్యాసిని అడిగాడు. మనసు పెట్టి చేస్తే ఒక్క పని పదివేలకు సాటి, నువ్వు చేసింది ఊళ్లకు ఊళ్లకే మేలు కదా అన్నాడాయన.

మూడు నెలలు పద్దు రాశాక ఒకసారి కూర్చుని, మీ సంతకంతో, మీ మాటతో మారిపోయే పని ఏముందో చూడండి. టీచరైతే పరీక్షలో తప్పినవాణ్ని క్లాసులో నిలబెట్టే అలవాటు మాన్పించవచ్చు. అపార్ట్‌మెంట్ సంఘంలో ఉంటే వాచ్‌మన్‌కు వారానికి ఒకరోజు సెలవు తీర్మానం చేయించవచ్చు. బిల్లులు పాస్ చేసే గుమాస్తా అయితే చిన్న కాంట్రాక్టరు ఫైలు ఆ వారమే కదిలేలా చూడవచ్చు. సంచులు మోసిన ఒకట్లు పద్దు నింపుతూనే ఉంటాయి, ఇలాంటిది మాత్రం మీరు పనిగట్టుకుని వెతికితేనే దొరుకుతుంది.

తగ్గి ఉండటం

పద్దు మిగులు చూపించడం మొదలయ్యాక వచ్చే ప్రమాదం ఒకటి ఉంది. నేను మంచివాణ్ని అనే మాట లోపల వినిపించడం. చైనావాళ్ల పాత జోస్య గ్రంథమైన మార్పుల గ్రంథంలో, ఆరేసి గీతలతో గీసిన 64 రూపాల్లో అణకువకు చెందిన ఒక్కదానిలోనే ఆరు గీతలూ శుభమే అంటాడు లియావ్‌ఫాన్. జాంగ్ వెయ్‌యాన్ అనే పండితుడు 1594లో నాన్‌జింగ్ పరీక్షలో తప్పి, దిద్దినవాళ్లను గుడ్డివాళ్లని తిడుతుంటే, పక్కనున్న తావో సన్యాసి నవ్వి, నీ వ్యాసం బాగుండి ఉండదన్నాడు. చూడకుండా ఎలా తెలుసన్నాడు జాంగ్. రాతకు మనసు నెమ్మదిగా ఉండాలి, నీ తిట్లు వింటే తెలియడం లేదా అన్నాడు సన్యాసి. పేదవాణ్ని, మంచి చెయ్యడానికి నా దగ్గరేముంది అని జాంగ్ అంటే, తగ్గి ఉండటానికి డబ్బు అక్కర్లేదు కదా అన్నాడు. జాంగ్ నడత మార్చుకున్నాడు, 1597లో 105వ స్థానంలో గెలిచాడు.

ఈ పద్దు మనిషికి లాభాపేక్ష నేర్పుతుందని ఆ తర్వాతి తరం పండితుడు లియూ జోంగ్‌జోవ్ గట్టిగా విమర్శించాడు. తప్పులు మాత్రమే రాసుకోవాలన్నాడు. ఆ విమర్శలో బలం ఉంది. అంకెల కోసం మంచి పనులు వెతుక్కుంటున్నారని మీకే అనిపించిన నెల, మంచి వరస మూసేసి తప్పుల వరస ఒక్కటే రాయండి. నెల తర్వాత మళ్లీ తెరవొచ్చు.

సంఖ్య పూర్తయిన రోజు లియావ్‌ఫాన్ గుడికి వెళ్లి, సన్యాసుల చేత ఆ ఫలాన్ని ధారపోయించేవాడు. మీరు మీ ఇంటి దేవుడి దగ్గర చేసుకోవచ్చు, లేదా మొదట్లో రాసుకున్న ఆ కాగితాన్ని తీసి, అందులో కొట్టివేయగలిగినవి కొట్టివేయొచ్చు. మిగిలినవి కొత్త పుస్తకం మొదటి పేజీలోకి ఎక్కించండి. కొత్త మొక్కు కోసం మంచిరోజు చూసుకుంటూ కూర్చోవద్దు. 1583 ఎనిమిదో నెలలో రెండో 3000 పూర్తయితే, తొమ్మిదో నెల 13కల్లా ఆయన పదివేలకు మొక్కుకుని పుస్తకం తెరిచాడు.